సీసా మీద రాసిన శాతం: ది ఆర్డినరీ సీరం, దాని వెనకనున్న నాయకత్వం

మొహం మీద మంగు మొదలైన కొత్తలో నేను ఆరు నెలలపాటు ఒక క్రీమ్ వాడాను. దాని పేరు ఇక్కడ అనవసరం. డబ్బా మీద ఒక పువ్వు బొమ్మ, రెండు వారాల్లో మచ్చలు పోతాయన్న మాట, అడుగున చీమ తలంత అక్షరాల్లో కొన్ని పదార్థాల పేర్లు ఉండేవి. ఏది ఎంత పాళ్లలో ఉందో ఎక్కడా రాసి లేదు. నిజంగానే రెండు వారాల్లో మచ్చలు తగ్గాయి. నాలుగో నెల వచ్చేసరికి బుగ్గల మీద సన్నటి ఎర్రని రక్తనాళాలు తేలాయి, ఒక్కరోజు క్రీమ్ మానితే చర్మం మంటెత్తిపోయేది. చివరికి ఆ డబ్బా పట్టుకుని చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్తే, ఆవిడ దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. మచ్చ తగ్గిందని మీరు అనుకున్నారు, చర్మమే పలచబడింది" అన్నారు. కోలుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

అప్పటినుంచి మొహానికి రాసుకునే ఏ వస్తువు చేతికొచ్చినా నేను మొదట చూసేది అందులో ఏముంది, ఎంతుంది, అది పనిచేస్తుందని ఎవరు, ఎలా తేల్చారు అన్నవే. మామూలు కొనుగోలుదారు అడగవలసిన ఈ ప్రశ్నలకు కనీసం మొదటి రెండింటికి సీసా ముందువైపే జవాబు రాసి, ఆ పద్ధతిని ప్రపంచమంతటా మామూలు సంగతిగా మార్చిన సంస్థ ఒకటుంది. అది కెనడాలోని టొరంటో నగరంలో 2013లో పుట్టిన డెసియం. ఆ సంస్థ 2016లో తెచ్చిన 'ది ఆర్డినరీ' శ్రేణిలోని నియాసినమైడ్ 10 శాతం, జింక్ 1 శాతం సీరంను నేను ఏడాదికి పైగా వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ సీరం గురించి, దాన్ని తయారుచేసినవాళ్ల తీరు గురించి. ఈ రెండింటినీ విడదీసి చూడటం నాకు సాధ్యం కాలేదు, ఎందుకంటే ఆ సీసాలో ఉన్న మంచి చెడులన్నీ దాన్ని నడిపించిన మనుషుల నిర్ణయాల్లోంచే వచ్చాయి.

ముందు సీసా సంగతి. 30 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా, పైన డ్రాపర్ మూత, తెల్లటి లేబుల్, దాని మీద నల్లటి సాదా అక్షరాలు. ముత్యాలు, పూలు, నీటిబిందువుల బొమ్మలు లేవు. "యవ్వనం", "కాంతి", "అద్భుతం" వంటి మాటలు లేవు. సరుకు పేరే దాని లోపలి పదార్థం పేరు, ఆ పేరు పక్కనే అంకె. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది సౌందర్య సాధనాల దుకాణంలో కాక మందుల షాపులో ఉండవలసిన సీసాలా అనిపించింది. లోపలి ద్రవం రంగు లేనిది, సువాసన కలపనిది, నీటికన్నా కాస్త చిక్కన. మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని మొహమంతా అద్దితే అరనిమిషంపాటు వేళ్లకు కొద్దిగా బంకగా తగులుతుంది, తర్వాత ఆరిపోతుంది. ఎక్కువ వేసి గట్టిగా రుద్దితే తెల్లటి నురగలా తేలుతుంది కాబట్టి తక్కువ తీసుకోవడమే పద్ధతి. దీని పైన మాయిశ్చరైజర్, పగలైతే ఆ పైన సన్‌స్క్రీన్.

నియాసినమైడ్ అంటే విటమిన్ బి3కి ఒక రూపం. చర్మంలో రంగును తయారుచేసే కణాలు ఆ రంగును చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పక్క కణాలకు అందిస్తాయి. నియాసినమైడ్ రంగు తయారీని ఆపదు, ఆ పొట్లాల బట్వాడాను తగ్గిస్తుందని 2002లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చర్మం పైపొరలో సెరమైడ్లనే కొవ్వు పదార్థాలు పెరగడానికి తోడ్పడి, లోపలి తేమ ఆవిరైపోకుండా కాపాడుతుందనీ, 2 శాతం పాళ్లలో కూడా జిడ్డును తగ్గిస్తుందనీ వేర్వేరు పరిశోధనలు తేల్చాయి. నాలాంటి మంగు ఉన్నవాళ్లకు ముఖ్యమైనది 2011లో మెక్సికోలో జరిగిన ఒక చిన్న పరీక్ష. 27 మంది రోగులకు ఎనిమిది వారాలపాటు మొహంలో ఒకవైపు 4 శాతం నియాసినమైడ్, రెండోవైపు మంగుకు ఎంతో కాలంగా వాడుకలో ఉన్న 4 శాతం హైడ్రోక్వినోన్ రాయించారు. హైడ్రోక్వినోన్ వైపు 55 శాతం మందికి, నియాసినమైడ్ వైపు 44 శాతం మందికి మంచి ఫలితం కనిపించింది. చికాకు పెట్టే గుణం తక్కువైన ఒక మామూలు విటమిన్, మందుకు అంత దగ్గరగా రావడం చిన్న విషయం కాదు.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి అంకెలు చూడాలి. 2 శాతం, 4 శాతం. 2005లో వెలువడిన మరో పేరున్న పరీక్షలో 50 మంది స్త్రీలు పన్నెండు వారాలపాటు మొహంలో ఒక సగానికి రాసుకున్నది 5 శాతం. మరి నా చేతిలోని సీసా మీద 10 ఎందుకుంది? ఈ ప్రశ్నకు సూటి జవాబు నాకు పరిశోధనల్లో దొరకలేదు, వ్యాపారంలో దొరికింది. అంకెను లేబుల్ మీద అచ్చువేసిన మరుక్షణం నుంచి ఆ అంకె పెద్దదైతే సరుకు గొప్పదన్న భావం కొనేవాళ్లలో పుడుతుంది. పక్క సంస్థ 12 అంటుంది, ఇంకో సంస్థ 15 అంటుంది, మరొకటి 20 దాకా పోతుంది. శాతాన్ని బయటపెట్టడం వినియోగదారుడికి జరిగిన మేలే, సందేహం లేదు. కానీ శాతమే శాస్త్రం అనుకునే కొత్త పొరపాటు కూడా ఆ మేలుతోపాటే వచ్చింది. ఈ సంస్థ చరిత్ర అంతా ఆ రెండింటి మధ్య నడిచిందే.

డెసియంను స్థాపించిన బ్రాండన్ ట్రూయాక్స్ ఇరాన్‌లో పుట్టి, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదివినవాడు. అందాల వ్యాపారానికి బయటివాడు కావడం వల్లనే కాబోలు, లోపలివాళ్లకు అలవాటైపోయిన ఒక సంగతి అతనికి వింతగా తోచింది. వందల డాలర్లకు అమ్ముడుపోయే క్రీములో అసలు పనిచేసే పదార్థం ఖర్చు చాలా తక్కువ. మిగతాదంతా డబ్బా, ప్రకటన, సినీతార మొహం, దుకాణంలో అద్దాల అర. నియాసినమైడ్, రెటినాల్ (విటమిన్ ఎకి ఒక రూపం), హయలురోనిక్ ఆసిడ్, గ్లైకోలిక్ ఆసిడ్ వంటివి ఎప్పటినుంచో ఉన్నవే, ఎవరి సొత్తూ కానివే. అటువంటప్పుడు వాటిని ఏదో మహారహస్యంలా అమ్మడం ఎందుకని అతని వాదన. 'ది ఆర్డినరీ' అంటే సాధారణమైనది అని అర్థం. మా దగ్గర ఉన్నది సాధారణమైన సరుకే, సాధారణమైన ధరకే ఇస్తాం అన్న ప్రకటన ఆ పేరులోనే ఉంది. వచ్చిన కొత్తలో ఈ నియాసినమైడ్ సీసా ధర ఆరు అమెరికన్ డాలర్లకు లోపే. ప్రయోగశాల, తయారీ, దుకాణాలు అన్నీ సంస్థ తన చేతుల్లోనే పెట్టుకోవడంతో మధ్యవర్తుల ఖర్చు తగ్గింది. అదే ఇంటినుంచి 'నియోడ్' అనే ఖరీదైన శ్రేణి కూడా వచ్చేదన్న సంగతి మరిచిపోకూడదు. కొత్త పరిశోధనకు ఎక్కువ ధర, పాత పదార్థానికి తక్కువ ధర అన్న ఆ విభజన నా దృష్టిలో నిజాయితీ గలదే.

అయితే శాస్త్రం వైపు మళ్లడం ఈ సంస్థతోనే మొదలైందని అనుకుంటే అది చరిత్రకు అన్యాయం. అమెరికాలో పౌలా బెగౌన్ అనే ఆవిడ 1980లలోనే సౌందర్య సాధనాల లేబుళ్లను ఒక్కొక్కటిగా విప్పి, ఏ మాటకు ఆధారముంది, ఏ మాటకు లేదు అని జనానికి చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత 1995లో తన పేరుతోనే 'పౌలాస్ చాయిస్' స్థాపించారు. సువాసన కలపకపోవడం, మూత తెరిస్తే గాలి తగిలే వెడల్పాటి డబ్బాలు వాడకపోవడం వంటివి ఈనాడు సామాన్య జ్ఞానంగా చలామణి అవుతున్నాయంటే అందులో ఆవిడ పట్టుదల చాలా ఉంది. ఆమెకు ముందు 1974లోనే యూజీన్ వాన్ స్కాట్, రూయ్ యూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేపపొలుసులా చర్మం పగిలే ఇక్తియోసిస్ జబ్బుకు గ్లైకోలిక్ ఆసిడ్ వంటి ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలు పనిచేస్తాయని చూపించారు. ఇప్పుడు ఎవరి అరలో చూసినా కనిపించే గ్లైకోలిక్ టోనర్‌కు మూలం ఆ ఆసుపత్రి పరిశీలనే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు షెల్డన్ పిన్నెల్ విటమిన్ సి మీద చేసిన పని కూడా ఈ కోవదే. 2001లో ఆయన బృందం పంది చర్మం మీద చేసిన పరీక్షలో తేలిన విషయాన్ని శాతాల పోటీలో పడ్డ ప్రతివారూ చదవాలి. ద్రావణం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 3.5 కన్నా తక్కువ ఉంటేనే విటమిన్ సి చర్మంలోకి దిగుతుంది. పాళ్లు 20 శాతం దాకా పెంచితే లోపలికి వెళ్లేది పెరుగుతుంది, అంతకు మించితే పెరగదు, పైగా తగ్గుతుంది. అంటే 30 శాతం అని రాసిన సీసా 15 శాతం సీసాకన్నా రెట్టింపు పనిచేయదు. పీహెచ్ ఎంతో రాయకుండా శాతం ఒక్కటే రాస్తే సగం సమాచారమే ఇచ్చినట్టు.

ఈ విషయంలో ది ఆర్డినరీని నేను మెచ్చుకుంటాను. గ్లైకోలిక్ ఆసిడ్ 7 శాతం టోనర్ వంటి వాటికి పీహెచ్ వివరం, ఏ పదార్థంతో కలిపి వాడాలో, ఏ చర్మం ఉన్నవాళ్లు దూరంగా ఉండాలో ముందే రాసి ఉంచింది. ముందుగా కొద్దిచోట రాసి చూసుకోమని, ఆమ్లాలు వాడేటప్పుడు సన్‌స్క్రీన్ తప్పనిసరని చెబుతుంది. లేబుల్ చదవడం వచ్చినవాళ్లకు ఇది చాలా విలువైన సమాచారం. చదవడం రానివాళ్ల మాటేమిటన్నదే అసలు ఇబ్బంది. ఇదే శ్రేణిలో ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలు 30 శాతం, బీటా హైడ్రాక్సీ ఆమ్లం 2 శాతం కలిసిన, చర్మం పైపొరను ఒలిచే పీలింగ్ సొల్యూషన్ ఉంది. చిక్కటి రక్తంలాంటి ఎర్రటి రంగు, మొహానికి పూసుకుంటే చూసేవాళ్లు ఉలిక్కిపడతారు. ఆ రంగు వల్లనే అది సోషల్ మీడియాలో కోట్లమంది కళ్లలో పడింది. పది నిమిషాలకు మించి ఉంచకూడదని, వారానికి రెండుసార్లకు మించి వాడకూడదని, అనుభవం లేనివాళ్లు ముట్టుకోకూడదని సూచన ఉన్న మాట నిజమే. అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను పరిశీలించే నిపుణుల సంఘం మాత్రం ఇంట్లో రోజూ వాడే సరుకులో ఈ ఆమ్లాలు 10 శాతానికి మించరాదని, 30 శాతం దాకా వెళ్లడం శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో, కాసేపు ఉంచి కడిగేసే పద్ధతిలోనే మంచిదని ఎప్పుడో చెప్పింది. పదిహేనేళ్ల పిల్ల వీడియో చూసి ఆ ఎర్రటి సీసా తెప్పించుకుంటే లోపలి సూచనల కాగితం చదువుతుందా? సమాచారం ఇచ్చాం కాబట్టి మా బాధ్యత తీరిందనుకోవడం సరిపోదని నా అభిప్రాయం. ఈ ఒక్క సరుకును నేను ఎవరికీ సిఫార్సు చేయను.

నా సొంత అనుభవం కూడా ఈ మాటకు బలం. కొన్నేళ్ల క్రితం రెండు వేర్వేరు సంస్థల సరుకులు, ఒకదానిది ఆమ్లం టోనర్, ఇంకొకదానిది రెటినాల్, ఒకే వారంలో మొదలుపెట్టాను. పదో రోజుకు ముక్కు పక్కల చర్మం పొరలు పొరలుగా లేచి, నీళ్లు తగిలినా భగ్గుమనేది. తప్పు ఆ సీసాలది కాదు, ఒకదాన్ని చర్మం ఒప్పుకుందో లేదో చూడకుండానే రెండోది అందుకున్న నా తొందరది. చర్మం పైపొర మందం మన తలవెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. అంత పలచటి గోడను రోజూ రెండువైపులనుంచి గీకుతుంటే అది నిలబడదు. ఆ నెలంతా సబ్బులేని క్లెన్సర్, సాదా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏమీ వాడలేదు. ఆ మూడే చర్మాన్ని మళ్లీ దారిలో పెట్టాయి.

అందుకే నియాసినమైడ్ సీరంను పరీక్షించేటప్పుడు నేను జాగ్రత్త పడ్డాను. మొదటి వారం చెవి వెనక మాత్రమే రాసి చూశాను. రెండో వారం నుంచి రోజు విడిచి రోజు, నెల తర్వాత రోజూ ఒకసారి, రాత్రిపూట. ప్రతి ఆదివారం ఉదయం అదే కిటికీ దగ్గర, అదే గోడకు ఆనుకుని, లైటు వేయకుండా ఫోటో తీసుకున్నాను. వెలుతురు మారితే మచ్చ మారినట్టు కనిపిస్తుంది కాబట్టి ఈ నియమం తప్పలేదు. సౌందర్య సాధనాల ప్రకటనల్లో ముందు, తర్వాత ఫోటోలు చూసేటప్పుడు కూడా మొదట వెలుతురునే గమనించాలి.

ఫలితం ఇలా ఉంది. నాలుగో వారానికి ముక్కు, నుదురు మీద మధ్యాహ్నం కమ్ముకునే జిడ్డు స్పష్టంగా తగ్గింది. ఇందులో నాకు అనుమానమే లేదు, ఎందుకంటే టిష్యూ పేపర్ అద్దితే తేడా కళ్లకు కట్టినట్టు కనిపించేది. ఎనిమిదో వారానికి గడ్డం మీద మొటిమలు మానాక మిగిలిన గోధుమరంగు మచ్చలు పలచబడ్డాయి. మంగు మాత్రం పన్నెండో వారానికి అంచుల దగ్గర కొంచెం మెత్తబడినట్టు కనిపించిందే గానీ పోలేదు. పన్నెండు వారాలు దాటాక ఒక మార్పు చేశాను. అప్పటిదాకా వాడుతున్న తెల్లటి సన్‌స్క్రీన్ బదులు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ వాడటం మొదలుపెట్టాను. మంగును రెచ్చగొట్టేది అతినీలలోహిత కిరణాలు మాత్రమే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా. దాన్ని మామూలు సన్‌స్క్రీన్ ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. ఆ తర్వాత మూడు నెలల్లో వచ్చిన మార్పు అంతకుముందు సీరం ఒక్కదానితో వచ్చినదానికన్నా ఎక్కువ. కాబట్టి మంగు ఉన్నవాళ్లు దగ్గరున్న డబ్బు ముందుగా మంచి రంగు సన్‌స్క్రీన్ మీద పెట్టి, మిగిలితే సీరం మీద పెట్టాలి. ఇది ఒక మనిషి మొహం మీద జరిగిన పరిశీలన మాత్రమే, పరీక్ష కాదు. అయినా పుస్తకాల్లో ఉన్న దానికి ఇది ఎదురు పోలేదు.

ఇక నాయకత్వం గురించి. ఒక సంస్థ నిజంగా శాస్త్రం పక్షాన ఉందో లేదో మంచి రోజుల్లో తెలియదు. డెసియంకు చెడ్డ రోజులు 2018లో వచ్చాయి. అంతకు ముందు ఏడాదే అమెరికాకు చెందిన సౌందర్య సాధనాల పెద్ద సంస్థ ఎస్టీ లాడర్ అందులో వాటా కొంది. 2018 ఫిబ్రవరిలో ట్రూయాక్స్ తనతో మొదటినుంచీ ఉన్న సహ వ్యవస్థాపకురాలు నికోలా కిల్నర్‌ను పదవినుంచి తొలగించాడు. అందుకు నిరసనగా ఆర్థిక వ్యవహారాల అధిపతి రాజీనామా చేశాడు. సంస్థ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ట్రూయాక్సే స్వయంగా నడుపుతూ, సరుకుల వివరాలతోపాటు ఆంతరంగిక విషయాలు, ఆరోపణలు కూడా అందులోనే పెట్టసాగాడు. జూలైలో కిల్నర్ తిరిగి వచ్చారు. అక్టోబరులో అతను సంస్థ కార్యకలాపాలన్నీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించగా, దుకాణాలు మూతపడ్డాయి. ఎస్టీ లాడర్ కోర్టుకు వెళ్లింది. ఒంటారియో న్యాయస్థానం అతన్ని బాధ్యతలనుంచి తప్పించి కిల్నర్‌కు అప్పగించింది. 2019 జనవరిలో, నలభై ఏళ్ల వయసులో, ట్రూయాక్స్ టొరంటోలో మరణించాడు.

ఈ ఘట్టాన్ని వ్యాపార నాటకంలా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక మనిషి అందరి కళ్ల ముందే కుంగిపోతుంటే లక్షలమంది వేలితో తెర జరుపుతూ చూశారు, అందులో నేనూ ఉన్నాను. అతను తెచ్చిన మార్పుకు నేను రుణపడి ఉన్నాను. పువ్వు బొమ్మ డబ్బా నుంచి నన్ను బయటపడేసింది ఆ శాతం అంకెను అడగడం నేర్పిన సంస్కృతే, దాన్ని సామాన్యుల ధరకు దింపింది అతనే.

కానీ సంస్థను నిలబెట్టినది మాత్రం కిల్నర్ నెమ్మది. ఆవిడ బ్రిటన్‌లో మందులు, సౌందర్య సాధనాల దుకాణాలు నడిపే బూట్స్ సంస్థలో సరుకు కొనుగోలు విభాగంలో పనిచేసి వచ్చినవారు. అరలో వస్తువు ఎందుకు కదులుతుందో, ఎందుకు కదలదో తెలిసిన మనిషి. పదవి పోయాక బయట గొంతెత్తి దుమ్మెత్తిపోయకుండా, తిరిగి వచ్చాక కూడా స్థాపకుడి పేరును సంస్థ చరిత్రలోంచి చెరిపేయకుండా, అతని అసలు ఆలోచనను మాత్రం జారవిడవకుండా నడిపించడం తేలిక కాదు. ఆ తర్వాతి ఏళ్లలో లేబుల్ మారలేదు, ధరలు తోటి సంస్థల దారి పట్టలేదు. 2021లో ఎస్టీ లాడర్ సుమారు వంద కోట్ల డాలర్లు పెట్టి తన వాటాను 29 నుంచి 76 శాతానికి పెంచుకుంది, అప్పటికి సంస్థ విలువను 220 కోట్ల డాలర్లుగా కట్టారు. 2024లో మిగతాది కూడా కొనేసింది. ఆరు డాలర్ల సీసాలు అమ్మే సంస్థకు ఆ విలువ రావడం, తక్కువ ధర అంటే తక్కువ సరుకు అన్న పాత నమ్మకాన్ని వ్యాపార లోకం ముందే ఓడించినట్టు.

కిల్నర్ కాలంలోని ఒక నిర్ణయం నాకు ఆ నాయకత్వం మొత్తాన్ని దగ్గరగా చూపిస్తుంది. నవంబరు నాలుగో గురువారం మర్నాడు, బ్లాక్ ఫ్రైడే అనే రోజున, ప్రపంచమంతా గంటకో తగ్గింపుతో జనాన్ని పరుగులెత్తిస్తుంటే ఈ సంస్థ తన దుకాణాలను, వెబ్‌సైటును మూసేసేది. దానికి బదులు నవంబరు నెల పొడవునా 23 శాతం తగ్గింపు ఇచ్చేది. నెల రోజులు సమయముంది, చదివి, ఆలోచించి, అవసరమైతేనే కొనమని దాని అర్థం. నేను మొదటిసారి ఆ నెలలో ఐదు సీసాలు బుట్టలో వేసి, వారం తర్వాత మళ్లీ చూసుకుని, మూడు తీసేశాను. ఒకటి నా చర్మానికి పనికిరాని పెప్టైడ్ సీరం, రెండోది అప్పటికే నా దగ్గరున్న హయలురోనిక్ ఆసిడ్‌కు జత, మూడోది ఆ ఎర్రటి సీసా. ఒకే రోజు తగ్గింపు అయితే ఐదూ ఇంటికి వచ్చేవి. అమ్మేవాడే కొనేవాడికి ఆలోచించుకునే సమయం ఇవ్వడం ఈ వ్యాపారంలో నేను మరెక్కడా ఎక్కువగా చూడలేదు.

శాస్త్రం అనే మాటను మొహమంతా పూసుకుని తిరిగే ఈ కాలంలో ఇంకొకటి కూడా చెప్పాలి. రెటినాల్ కుటుంబం ముడతల మీద పనిచేస్తుందని ఇవాళ మనం నిశ్చింతగా అంటున్నాం. అందుకు పునాది వేసినవారిలో అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ముఖ్యుడు. ఎండకు ముదిరిన చర్మం మీద అదే కుటుంబానికి చెందిన ట్రెటినోయిన్ అనే మందు పనిచేస్తుందని 1986లో ఆయన బృందం ప్రచురించింది. అదే క్లిగ్‌మన్ 1951 నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో ఖైదీల చర్మం మీద, వాళ్లకు జరిగేది పూర్తిగా తెలియజెప్పకుండా, లెక్కలేనన్ని పరీక్షలు చేశాడు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు. ఆధారం ఉందా అని అడగడంతో మన పని అయిపోదు, ఆ ఆధారం ఎవరి ఒంటిమీదనుంచి వచ్చిందో కూడా అడగాలి. ఈనాటి పరీక్షల్లో కూడా చిన్న సమస్యలు లేకపోలేదు. పైన చెప్పిన 5 శాతం నియాసినమైడ్ పరీక్షలో పాల్గొన్నవాళ్లంతా తెల్లజాతి స్త్రీలు, చేయించినది ఆ పదార్థంతో సరుకు అమ్మే సంస్థ. దాని ఫలితం అబద్ధమని కాదు, నా గోధుమరంగు చర్మానికి అది యథాతథంగా వర్తిస్తుందని అనుకోవడానికి లేదు. ది ఆర్డినరీ సహా ఏ సంస్థా ముదురు రంగు చర్మం మీద జరిపిన పరీక్షలను ఇంకా తగినంతగా మన ముందు పెట్టలేదు. శాతం రాసినంత ధైర్యంగా, ఆ సరుకును ఎవరి చర్మం మీద, ఎన్ని వారాలు, ఎంతమంది మీద పరీక్షించారో కూడా లేబుల్ మీద రాసే రోజు రావాలి.

నియంత్రణ కూడా నెమ్మదిగా ఈ దారిలోకి వస్తోంది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం మొహానికి రాసే సరుకుల్లో రెటినాల్ 0.3 శాతానికి, ఒంటికి రాసే లోషన్లలో 0.05 శాతానికి మించకూడదు. 0.5, 1 శాతం రెటినాల్ సీసాలతో పెరిగిన సంస్థలన్నీ అక్కడ తమ అంకెలను దించుకోవలసిందే. ఆహారంలోంచి, మాత్రల్లోంచి కూడా విటమిన్ ఎ ఒంట్లోకి చేరుతుంది కాబట్టి మొత్తం మీద మోతాదు పెరగకూడదన్నది ఆ నిబంధన వెనకున్న ఆలోచన. అమెరికాలో 1938 తర్వాత సౌందర్య సాధనాల చట్టానికి పెద్ద సవరణ 2022లో గానీ రాలేదు. దానితో తీవ్రమైన దుష్ఫలితాలను ప్రభుత్వానికి తెలియజేయడం, సరుకు భద్రతకు ఆధారాలు దగ్గర పెట్టుకోవడం తయారీదారుల విధి అయింది. ఈ రెండూ ఇరవై ఏళ్ల క్రితమే వచ్చి ఉంటే నా మొహం మీద ఆ రక్తనాళాలు తేలేవి కావని చెప్పలేను గానీ, ఆ డబ్బా అమ్మినవాడు అంత నిబ్బరంగా అమ్మగలిగేవాడు కాదు.

సరుకు విషయానికే వస్తే, జిడ్డు చర్మం, మొటిమల మచ్చలు ఉన్నవాళ్లకు ఈ నియాసినమైడ్ సీరం పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేస్తుంది. పొడి చర్మం, చిరాకుపడే చర్మం ఉన్నవాళ్లు ఇదే సంస్థదైనా, మరొకరిదైనా 4, 5 శాతం ఉన్నది దొరికితే దాన్నే ఎంచుకోవాలి, లేదా ఇందులోని రెండు చుక్కలను మాయిశ్చరైజర్‌లో కలిపి రాసుకోవాలి. మంగు ఉన్నవాళ్లు దీన్ని వైద్యానికి తోడుగానే చూడాలి, వైద్యంగా కాదు. కొనేముందు పదార్థాల జాబితా చదవండి. జాబితా ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు, 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఎటైనా రాసుకోవచ్చు. కాబట్టి ముందువైపు పెద్ద అక్షరాల్లో మెరిసే పదార్థం జాబితాలో ప్రిజర్వేటివ్‌ల తర్వాత కనిపిస్తే ఆ సీసాను అక్కడే పెట్టేయవచ్చు. సంస్థ పూర్తిగా ఎస్టీ లాడర్ చేతుల్లోకి వెళ్లాక కొన్న నా మూడో సీసాను పాతదాని పక్కన పెట్టి జాబితాలు పోల్చి చూశాను. వరస మారలేదు. నాలుగోది కొన్నప్పుడు కూడా ఇలాగే పోల్చి చూస్తాను.